కొబ్బరి దీవి నుంచి లోక్‌సభకు

ఎవరినీ ఓటు అడగకుండానే ఆయన పార్లమెంటు సభ్యుడైనాడు. అయినా నికోబార్ ప్రజలకు అంతకంటె నమ్మకమైన ప్రతినిధి దొరకలేదు. బిషప్ జాన్ రిచర్డ్‌సన్ జీవితకథ ఇది.

1952 మే 13వ తేదీన స్వతంత్ర భారతదేశపు తొలి లోక్‌సభ ఢిల్లీలో కొలువు తీరింది. ప్రజలు ఓట్లు వేసి పంపిన 489 మందిలో న్యాయవాదులు, సంస్థానాధీశులు, జైళ్ళలో తల నెరిసిన దేశభక్తులు, రైతు నాయకులు ఉన్నారు. వారికి తోడుగా రాష్ట్రపతి నియమించిన కొద్దిమంది సభ్యులకు కూడా ఆ లోక్‌సభలో స్థానం లభించింది. అటువంటి వారిలో ఒకరు బంగాళాఖాతం నడుమ ఉన్న కారు నికోబార్ దీవికి చెందిన గిరిజనుడు జాన్ రిచర్డ్‌సన్. అప్పటికి ఆయన వయస్సు డెబ్బయికి చేరువలో ఉంది. ఏడు సంవత్సరాల క్రితం ఆయన శత్రుసైనికుల చెరలో మృత్యువు కోసం ఎదురుచూచిన మనిషి.

ఆ లోక్‌సభలోనే విశాఖపట్నం నియోజకవర్గం నుంచి ఎన్నికైన మరొక గిరిజనుడు ఉన్నాడు. ఆయన అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర. మన్యం తిరుగుబాటులో పట్టుబడి, అండమాన్‌కు ద్వీపాంతరవాస శిక్ష పొంది, ఆ చెర నుంచి తిరిగివచ్చిన వీరుడు. ఒకరిని నేరస్థుడని ముద్ర వేసి ప్రభుత్వం ఆ దీవులకు పంపింది. మరొకరు ఆ దీవుల వరుసలోనే పుట్టి, సొంత గడ్డమీదనే చెరపాలైనాడు. తెలుగువారికి అండమాన్ అనగానే సెల్యులర్ జైలు గుర్తుకు వస్తుంది. కాని ఆ జైలుకు దక్షిణంగా, సుమారు 270 కిలోమీటర్ల దూరంలో, ఇంకొక కథ ఉన్నది. దానిని మనం తక్కువగా విన్నాము.

హాచెవ్‌కా అనే బాలుడు

కారు నికోబార్ చదునైన దీవి. కొండలు లేవు, పెద్ద నదులు లేవు. పగడపు రాతిమీద పేరుకొన్న నేల, ఆ నేలనిండా కొబ్బరి. దీవి విస్తీర్ణం దాదాపు 127 చదరపు కిలోమీటర్లు. ఈ దీవి ఉత్తరపు కొసన ఉన్న మూస్ అనే గ్రామంలో 1884లో ఒక బాలుడు జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాచెవ్‌కా.

అప్పటికి బ్రిటిషువారు నికోబార్ దీవులను స్వాధీనపరచుకొని పదిహేను సంవత్సరాలయింది. అంతకుముందు డేనిష్ వారు 1756 నుంచి ఆ దీవులు తమవని చెప్పుకొన్నారు. కాని జ్వరాలకు తాళలేక, వలసలు నిలుపలేక, చివరకు 1868లో హక్కులు వదులుకొన్నారు. రాజులు మారినా, జెండాలు మారినా, దీవివాసుల జీవితం మాత్రం పెద్దగా మారలేదు. ఇంటికి పందులు, పెరటికి కొబ్బరి, మొగలిజాతి చెట్ల పండ్లతో చేసే రొట్టె, సముద్రంలో చేప. భూమి ఒక మనిషిది కాదు. 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబానిది.

1890 ప్రాంతాల్లో వేదప్పన్ సాలమన్ అనే తమిళ ఉపదేశకుడు ప్రభుత్వ ప్రతినిధిగా మూస్ గ్రామానికి వచ్చాడు. ఆయన చిన్న పాఠశాల నడిపాడు. అక్కడ చేరిన పిల్లలలో హాచెవ్‌కా ఒకడు. కుర్రవాడి చురుకుదనం గమనించి సాలమన్ అతనిని బర్మాలోని మాండలే నగరానికి పంపించాడు. దీవి దాటి చూడని పిల్లవాడు అక్కడి మిషన్ పాఠశాలలో ఇంగ్లీషు నేర్చుకొన్నాడు, బంతాట నేర్చుకొన్నాడు, జాన్ రిచర్డ్‌సన్ అనే పేరుతో పెరిగాడు.

చదువుకొన్న యువకునికి బర్మాలో ఉద్యోగం దొరకడం కష్టం కాదు. కాని రిచర్డ్‌సన్ 1912లో స్వగ్రామానికి తిరిగివచ్చి ఉపాధ్యాయుడైనాడు. తరువాతి అరవై ఆరు సంవత్సరాల జీవితానికి ఆ నిర్ణయమే పునాది.

కొబ్బరికాయే రూపాయి

పాఠశాల వలన ఆ దీవికి కలిగిన మేలు ఏమిటో తెలియాలంటే, అక్కడ బేరసారాలు ఎలా సాగేవో చూడాలి.

నికోబార్‌లో చాలాకాలం వరకు నాణెం పని చేయలేదు. కొబ్బరికాయే నాణెం. కాయలను జతలుగా లెక్కించేవారు. జతలను ఇరవైల చొప్పున కూర్చేవారు. ఒక కత్తికి ఇన్ని జతలు, ఒక బట్టకు ఇన్ని జతలు అని ధర చెప్పేవారు. దీవుల మధ్య వర్తకానికీ కట్టుబాట్లు ఉండేవి. చౌరా అనే చిన్న దీవి కుండలు చేసేది. మిగిలిన దీవులవారు ఆ కుండలను అక్కడి నుంచే కొనవలసి వచ్చేది. దక్షిణపు దీవులలో తొలిచిన పెద్ద పడవలు కూడా చౌరావారి చేతులమీదుగానే కారు నికోబార్‌కు చేరేవి. అక్షరం రాని సమాజమే అయినా వ్యాపారం తెలియని సమాజం కాదు.

కాని బయటి నుంచి వచ్చే ఓడలతో బేరం వేరు. బర్మా, మలయా, చైనా, భారతదేశపు తీరాల నుంచి వర్తకులు కొబ్బరి కోసం, ఎండుకొబ్బరి కోసం, సముద్ర పక్షుల తినదగిన గూళ్ళ కోసం వచ్చేవారు. ముందు సరుకు ఇచ్చి, 'రాబోయే కాపుకు కాయలు ఇవ్వు' అని అప్పు రాసుకొనేవారు. రాసుకొన్నది ఏమిటో రాయించుకొన్నవానికి తెలియదు. ఏటికేడు అప్పు పెరిగేది. ఇంగ్లీషు నావికులు కొందరు నికోబార్ పెద్దలకు తమాషాగా పెద్ద పెద్ద ప్రభువుల పేర్లు, సేనానుల పేర్లు తగిలించి యోగ్యతాపత్రాలు రాసి ఇచ్చేవారు. ఆ కాగితాలను వారు పెట్టెలలో భద్రంగా దాచుకొనేవారు. దానిలో ఉన్నది పొగడ్తో, వెక్కిరింతో చదివి చెప్పగలవారు లేరు.

అక్షరం, అంకె తెలిసినవానిని మోసగించడం కష్టం. మూస్ పాఠశాలలో పలకమీద దిద్దిన కూడికలకు, తీసివేతలకు అందువల్లనే ఎంతో విలువ ఉన్నది. ఓడ ఒడ్డుకు చేరినప్పుడు వర్తకుని చిట్టాను తిరిగి చదివి అడగగలిగే తరం ఆ బల్లలమీద నుంచే లేవవలసి ఉంది.

మాటకు లిపి

అనువాదమే వృత్తిగా గలవారికి రిచర్డ్‌సన్ జీవితంలో మరింత ఆశ్చర్యం కలిగించే ఘట్టం ఒకటున్నది. ఆయన అనువదించబూనిన భాషకు అప్పటికి స్థిరమైన రాత లేదు. జార్జి వైట్‌హెడ్ అనే మిషనరీ ఆ దీవికి వచ్చి, నికోబారీ భాషను అభ్యసించి, 1925లో రంగూన్‌లో ఒక నిఘంటువు ప్రచురించాడు. భాష తెలియని విదేశీయునికి, విదేశభాష తెలిసిన దీవివాసి తోడైనాడు. రోమన్ అక్షరాలను నికోబారీ ధ్వనులకు అమర్చి, తొలుత సువార్తలు, ఆ తరువాత కొత్త నిబంధన, క్రమంగా మిగిలిన భాగాలు ఆ భాషలోనికి వచ్చాయి. దశాబ్దాలు సాగిన ఈ కృషికి వెన్నెముక రిచర్డ్‌సన్.

గోధుమ పండని దీవిలో గోధుమగింజను గురించి చెప్పాలి. గొర్రెలమందలు లేనిచోట కాపరిని గురించి చెప్పాలి. ఎడారి చూడనివారికి ఇసుకదారుల ప్రయాణం చెప్పాలి. సంస్కృతం, పారశీకం, ఇంగ్లీషు వెయ్యి సంవత్సరాలుగా వచ్చి చేరిన మన తెలుగులోనే ఒక్కొక్క మాటకు గంటలు పట్టుతుంది. ఏ పుస్తకమూ లేని భాషలో మొట్టమొదటి పుస్తకం రాయడమంటే, పూర్వులు నడిచిన బాట లేదు, అడుగుదామంటే పండితుడు లేడు. పడవలో, తోటలో, వంటింటిలో మాట్లాడే మనుషులే నిఘంటువు.

ఆ పనివల్ల కలిగిన ఫలితం మతానికే పరిమితం కాలేదు. తమ నోటిమాట కాగితంమీద నిలువగలదని ఒక చిన్న జాతి తెలుసుకొన్నది. 1934లో ఆయన గురుపట్టం పొందాడు. ఆటలలో, పాటలలో, పంచాయితీలలో అందరికీ ముందుండి, గ్రామాల పెద్దలైన 'కెప్టెన్ల'కు ఆయన పెద్ద అయినాడు.

చీకటి సంవత్సరాలు

1942 మార్చి 23న జపాను సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. కొద్దికాలంలోనే కారు నికోబార్ కూడా వారి వశమైంది. చదునైన దీవి కావడమే దానికి శాపమైంది. విమానాలు దిగడానికి అనువైన నేల కనుక దారి చేయాలన్నారు. దీవివాసులను వెట్టికి పట్టారు. కొబ్బరిచెట్లు నరికారు, పగడపురాయి మోయించారు. యుద్ధం ఎదురు తిరిగేకొద్దీ ఓడలు రావడం తగ్గింది, తిండి తగ్గింది, అనుమానం పెరిగింది.

1945 నడిమి నెలల్లో, మిత్రపక్షాల విమానాల దాడులు ఎక్కువైనప్పుడు, 'మీలో ఎవరో శత్రువులకు సంకేతాలు ఇస్తున్నారు' అనే ఆరోపణ వచ్చింది. దీవివాసులను పట్టి హింసించారు. హింసకు తాళలేక కొందరు చేయని నేరం ఒప్పుకొన్నారు. ఆ ఒప్పుకోలును ఆధారం చేసుకొని మరికొందరిని పట్టారు. పదుల సంఖ్యలో దీవివాసులు ప్రాణాలు కోల్పోయారు. ఆ మృతులలో రిచర్డ్‌సన్ సొంత కుటుంబం వారు కూడా ఉన్నారు. ఇంగ్లీషు చదువు, ఇంగ్లీషు పేరు గల రిచర్డ్‌సన్‌ను వదలుతారా? ఆయననూ చెరలో వేశారు. ఆగస్టు 15న జపాను లొంగుబాటు ప్రకటన రాకపోయి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసి ఉండేది.

ఈ హత్యలపై 1946లో సింగపూర్‌లో యుద్ధ నేరాల విచారణ జరిగింది. దీవిలోని జపాను సేనాని, మరికొందరు సైనికులు బోను ఎక్కారు. న్యాయస్థానం తన పని తాను చేసింది. కాని దీవిలో మిగిలిన పని వేరు. తల్లులు, వితంతువులు, తండ్రి లేని పిల్లలు, నరికివేసిన తోటలు. అన్నింటినీ మించి, హింస పెట్టి ఒకరిచేత మరొకరి పేరు చెప్పించినందువల్ల గ్రామానికీ గ్రామానికీ మధ్య పుట్టిన అపనమ్మకం. దానికి కోర్టులో మందు లేదు. ఆ మందు దీవిలోనే, ఒక నమ్మదగిన మనిషి నోటివెంట రావాలి. తానే అందరితోపాటు పోగొట్టుకొన్నవాడు గనుక ఆయన మాటకు విలువ ఉండింది. యుద్ధానంతరం కారు నికోబార్ ప్రజలు ఊళ్ళకు ఊళ్ళే ఆయన వెంట నడిచారు. 1950లో కలకత్తాలో ఆయన సహాయ బిషప్ అయినాడు. 1966లో అండమాన్ నికోబార్ దీవులకు ప్రత్యేక డయోసిస్ ఏర్పడినప్పుడు తొలి బిషప్ కూడా ఆయనే.

ఓటు లేని ప్రతినిధి

కొత్త రాజ్యాంగంలో అండమాన్ నికోబార్ దీవులకు విచిత్రమైన స్థానం లభించింది. 'ఎ', 'బి', 'సి' భాగాలలో ఎన్నో రాష్ట్రాలు ఉండగా, 'డి' భాగంలో ఉన్నది ఈ దీవులు ఒక్కటే. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్కడి మొత్తం జనం సుమారు 31 వేలు. వారికి శాసనసభ లేదు. లోక్‌సభలో ఒక స్థానం ఉన్నది గాని, దానికి ఎన్నిక లేదు, రాష్ట్రపతి నియమించేవారు. ఆ తొలి నియామకం రిచర్డ్‌సన్‌ది. 1952 నుంచి 1957 వరకు ఆయన సభ్యుడు.

ప్రజాస్వామ్యం పలుచోట్ల పలు రూపాలు ధరిస్తుంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు దిగువ సభలో 400 మంది సభ్యులున్నారు. సగటున మూడున్నర వేల మంది జనానికి ఒక సభ్యుడు. జీతం సంవత్సరానికి వంద డాలర్లు మాత్రమే. 1889 నుంచి అంతే. కనుక అక్కడ కొట్టు నడుపుకొనే వర్తకుడు, పొలం దున్నుకొనే రైతు తన పని తాను చేసుకొంటూనే శాసనకర్త అవుతాడు. తన వీధివారి సమస్య తన అంగడి మెట్లమీదనే వింటాడు. అటువంటి వ్యవస్థకు పూర్తిగా విరుద్ధం అండమాన్ నికోబార్. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల జనం 3 లక్షల 80 వేలు దాటినా, నేటికీ అక్కడ శాసనసభ లేదు.

మరి ఓటు లేకుండా వచ్చినవానిని ప్రతినిధి అనవచ్చునా? ప్రశ్న న్యాయమైనదే. నియమించినవారు కాదంటే పదవి పోతుంది. ప్రజలకు తీసివేసే హక్కు లేదు. రిచర్డ్‌సన్ విషయంలో ఈ లోటు బయటపడకపోవడానికి కారణం వ్యవస్థ మంచిది కావడం కాదు, మనిషి మంచివాడు కావడం. నియామకానికి నలభై సంవత్సరాల ముందునుంచే ఆయన ఆ ప్రజల మధ్య జీవిస్తున్నాడు. వారి మాట తెలుసు, వారి అప్పులు తెలుసు, వారి మృతుల పేర్లు తెలుసు. అటువంటి మనిషి ప్రతిసారీ దొరకడు. అందుకే ఓటు అవసరం. 1967లో ఆ దీవులలో లోక్‌సభకు మొదటి ఎన్నిక జరిగింది. గెలిచిన కె.ఆర్. గణేశ్ తరువాత కేంద్రంలో సహాయ మంత్రి కూడా అయినాడు.

రిచర్డ్‌సన్ సభ్యుడుగా ఉన్న కాలంలోనే, 1956లో, ఆదిమ తెగల సంరక్షణకు ఒక ప్రత్యేక నిబంధన వచ్చింది. దాని ప్రకారం గిరిజనుల దీవులు, అడవులు రక్షిత ప్రాంతాలు. అనుమతిపత్రం లేనిదే బయటివారు అడుగు పెట్టరాదు. అక్కడి భూమి కొనరాదు. లైసెన్సు లేనిదే వ్యాపారం చేయరాదు. చిట్టాలో అంకెలు మార్చి తోటలు కాజేసే కాలానికి చట్టం అడ్డుకట్ట వేసింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఎండుకొబ్బరి వ్యాపారంలోకి దీవివాసుల సహకార సంఘాలు కూడా ప్రవేశించాయి. ఒకప్పుడు కాయలు ఇచ్చి కాగితం పుచ్చుకొన్నవారి మనుమలు, ఇప్పుడు తామే తూకం వేసి, తామే రసీదు రాసి ఇచ్చారు.

1975లో భారత ప్రభుత్వం రిచర్డ్‌సన్‌ను పద్మభూషణ్ బిరుదంతో గౌరవించింది. 1978 జూన్‌లో, తొంభై దాటిన వయస్సులో, ఆయన కన్నుమూశాడు. కారు నికోబార్‌లోని ప్రధాన ఆసుపత్రి నేడు బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేరును ధరించి ఉన్నది.

అల వచ్చిన తరువాత

2004 డిసెంబరు 26 ఉదయం సముద్రం కారు నికోబార్ తీరగ్రామాలను ఊడ్చివేసింది. దీవి చదునుదనం మరొకమారు దానికి శత్రువైంది. నికోబార్ దీవులన్నింటిలో కలిపి వేలాదిమంది మరణించారు, లేదా జాడ తెలియకుండా పోయారు. తరతరాల కొబ్బరి తోటలు ఉప్పునీటిలో మునిగాయి. సహాయం వెల్లువలా వచ్చింది. దానితోపాటు డబ్బు, రేకుల షెడ్లు, కొత్త అలవాట్లు కూడా వచ్చాయి. ఉమ్మడి తుహెత్‌లో జీవించినవారికి చిన్న చిన్న కుటుంబాల లెక్కన ఇళ్ళు, పరిహారం వచ్చాయి. ఇచ్చేవారి ఉద్దేశం మంచిదే. కాని పుచ్చుకొనేవారిని ముందుగా అడిగితే మరింత మంచిది.

ఇప్పుడు ఆ అడగడమే మరొక రూపంలో ముందుకు వచ్చింది. దక్షిణపు కొసన ఉన్న గ్రేట్ నికోబార్‌లో భారీ ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్కేంద్రం నిర్మించే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. దేశరక్షణకు, వాణిజ్యానికి అది అవసరమని ప్రభుత్వం అంటున్నది. తమ పూర్వుల గ్రామాల నేల అందులో పోతుందని అక్కడి గిరిజన మండలి, తాము ముందు ఇచ్చిన సమ్మతి పత్రాన్ని ఆ నవంబరులోనే ఉపసంహరించుకొన్నది. ఎవరిది న్యాయమో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. కాని ఒక కాగితం ఇవ్వడం, దానిని తిరిగి చదువుకోవడం, అవసరమైతే 'ఇది మాకు సమ్మతం కాదు' అని రాతపూర్వకంగా చెప్పడం నికోబార్ ప్రజలకు నేడు సాధ్యమవుతున్నది. ఓడ కెప్టెను రాసి ఇచ్చిన వెక్కిరింత కాగితాన్ని పెట్టెలో దాచుకొన్న రోజుల నుంచి అది ఎంత దూరపు ప్రయాణమో ఆలోచించండి.

కొబ్బరి మొక్క నాటిన ఆరేడు సంవత్సరాలకు గాని కాపుకు రాదు. నాటినవాడు ఓపిక పట్టాలి. యుద్ధంలో నరికిన తోటల స్థానంలో మూస్ గ్రామస్థులు మొక్కలు నాటారు. సునామీ తరువాత వారి మనుమలు మళ్ళీ నాటారు. 1912లో మాండలే నుంచి ఓడ దిగి, పలక చేతపట్టి పిల్లల ముందు నిలబడిన యువకుడు నాటిన మొక్క కూడా అటువంటిదే. దాని కాపును నికోబార్ ఇప్పటికీ కోసుకొంటున్నది.